నాణేల సంచి, చిన్నాయన నోటుబుక్కు

క్యాష్ కౌంటర్లో కూర్చున్న రోజుల్లో ఏ సినిమా ఆడుతోంది, ఏది పడిపోయింది అన్నది నేను పేపరు చూసి తెలుసుకునేవాణ్ణి కాదు. సోమవారం పొద్దున సినిమా హాలు మనిషి తెచ్చే సంచి బరువు చూస్తే తెలిసిపోయేది. 1981లో బ్యాంకులో చేరాను. బి.కాం. పాసైన కుర్రాణ్ణి, మా కోలారు జిల్లాలోనే ఒక తాలూకా ఊరి బ్రాంచి. శని, ఆదివారాల వసూళ్ళు గుడ్డసంచిలో పోసుకొచ్చేవాడు ఆ మనిషి. పావలాలు, అర్ధరూపాయలు, పదిపైసల బిళ్ళలు. వాటిని దొంతులు పెట్టి లెక్కపెట్టేసరికి వేళ్ళు నల్లబడేవి. ఆ లెక్కలో నాకొక సంగతి పట్టుబడింది. నోట్లు ఎక్కువగా వస్తే బాల్కనీ జనం, అంటే ఊళ్ళో ఉద్యోగస్తులు, వ్యాపారస్తులు వచ్చారని. చిల్లర ఎక్కువగా వస్తే నేల, బెంచీ నిండిందని, అంటే చుట్టుపక్కల పల్లెల నుంచి జనం బండ్లు కట్టుకుని వచ్చారని. 'ఖైదీ' (1983) మా ఊరికి వచ్చినప్పుడు ఒక సంచి రెండు సంచులైంది. నాతో పాటు ఇంకో క్లర్కును కూర్చోబెట్టాల్సి వచ్చింది.

ఇప్పుడు మా మనవడు ఫోనులో వేలు జరుపుతూ కోట్లు చదువుతాడు. 'బాహుబలి' రెండో భాగం వెయ్యి కోట్లు దాటింది తాతా, 'ఆర్ఆర్ఆర్' దాటింది, 'పుష్ప' రెండోది దాటింది అంటాడు. నాకు పాత అలవాటు పోదు కదా, అది గ్రాసా, నెట్టా, షేరా అని అడుగుతాను. వాడు నా మొహం చూస్తాడు. టికెట్ల మీద వచ్చిన మొత్తం గ్రాస్. అందులో పన్ను పోతే నెట్. హాలు అద్దె కూడా పోగా డిస్ట్రిబ్యూటరు చేతికి వచ్చేది షేర్. పేపర్లలో, ఫోన్లలో తిరిగేది ఎప్పుడూ పెద్ద అంకె, గ్రాసే. మా అవ్వ నాలుగణాలిచ్చి నేల మీద కూర్చుని చూసిన సినిమానూ, ఈ రోజు బెంగుళూరు మల్టీప్లెక్సులో నాలుగు వందలు పెట్టి చూసే సినిమానూ ఒకే అంకెల పట్టీలో పెట్టి పోల్చడం మాకు నేర్పిన కామర్సు కాదు.

మేము చదివిన కామర్సులో ఇంకొకటి ఉంది. లాభనష్టాల ఖాతా మార్చి 31తో మూసేస్తాం, మరునాడు సున్నా నుంచి మొదలు. బ్యాలెన్స్ షీటు అట్లా కాదు, అందులో ఉన్నది మరుసటి ఏటికి మోసుకుపోవాల్సిందే. కలెక్షన్లు మొదటి రకం. నేను లెక్కపెట్టిన ఆ చిల్లరంతా ఎప్పుడో ఖర్చయిపోయింది. ఆ సినిమాలు మా నోళ్ళలో ఏం మిగిల్చాయి అన్నదే నేనిప్పుడు లెక్క తీస్తున్నది.

ఈ లెక్క మావాళ్ళకు ఎందుకు ముఖ్యమో చెప్పాలి. ముళబాగిలు, శ్రీనివాసపురం, బంగారుపేట పక్క పల్లెల్లో ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. తరతరాలుగా ఇదే. మాకు తెలుగు మాట్లాడటం పుట్టుకతో వస్తుంది, చదవడం రాదు. నేనే బ్యాంకులో చేరాక, ఆంధ్రా పక్క కస్టమర్ల కోసం తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. మరి రాసిన తెలుగు, పెద్ద తెలుగు, పద్యాల తెలుగు మా చెవిన పడిందెట్లా? రెండే దారులు. ఒకటి నాటకాలు, రెండు సినిమా.

సినిమా విషయంలో మాకు ఒక విచిత్రమైన మేలు జరిగింది. 1960ల మొదట్లో కన్నడ అభిమానులు డబ్బింగ్ సినిమాలు వద్దని ఉద్యమం చేశారు. అ.న.కృష్ణరాయలు, మ.రామమూర్తి లాంటి రచయితలు, డాక్టర్ రాజ్‌కుమార్ అందులో ఉన్నారు. చట్టం ఏమీ రాలేదు గానీ కట్టుబాటుగా నిలిచిపోయింది. పరభాషా చిత్రాల నుంచి కన్నడాన్ని కాపాడుకోవాలన్నది వాళ్ళ ఉద్దేశం. దానివల్ల మా టెంటుకు వచ్చిన ప్రతి తెలుగు సినిమా తెలుగులోనే వచ్చింది. కన్నడం కోసం పెట్టిన కట్టు మా తెలుగుకు కూడా గట్టు అయింది. ఇది ఎవరూ అనుకుని చేసింది కాదు.

ఇక 'మాయాబజార్'. 1957 మార్చి 27న విడుదలైంది, నేను పుట్టకముందు. కానీ అప్పట్లో సినిమా ఒక్కసారి వచ్చి పోయేది కాదు. పట్నంలో వంద రోజులాడి, తాలూకా ఊరికి వచ్చి, అరిగిపోయిన ప్రింటు చివరికి టెంటుకు చేరేసరికి ఏళ్ళు పట్టేది. ఆ తరువాత కూడా పండగకో జాతరకో మళ్ళీ వచ్చేది. మా అవ్వ ఎన్నిసార్లు చూసిందో ఆమెకే లెక్కలేదు. కడప ఆకాశవాణి మాకు బాగా అందేది. అందులో సంక్షిప్త శబ్దచిత్రం అని సినిమా మాటలూ పాటలూ వేసేవాళ్ళు. బొమ్మ లేకుండా మాట ఒక్కటే వినడం వల్ల మాట ఎక్కువగా పట్టుబడిందని నా నమ్మకం.

ఆ సినిమాకు మాటలు రాసినవాడు పింగళి నాగేంద్రరావు. అస్మదీయులు అన్నది సంస్కృతంలో ఉన్న మాటే. దానికి ఎదురుగా ఆయన తసమదీయులు అని ఒకటి పుట్టించాడు. వ్యాకరణంలో ఎక్కడా లేదు. మా ఇంట్లో మాత్రం అది వంటింటి మాట అయింది. ఎవరైనా గడప తొక్కగానే లోపలి నుంచి అవ్వ అడిగేది, "అస్మదీలా, తసమదీలా?" అని. అస్మదీలైతే పొయ్యి మీదున్న సంగటే పెట్టేది. తసమదీలైతే దాచిన బియ్యం తీసి అన్నం వండేది. మా పక్క అప్పట్లో అన్నం అంటే పండగ తిండి. పరాయివాళ్ళ ముందర మన సంగటి బయటపడకూడదని ఆమె తాపత్రయం. వచ్చినవాళ్ళకు ఈ మాట అర్థం కాకూడదు, మనకు కావాలి. అందుకే "మనోళ్ళా, వేరేవాళ్ళా" అన్న మామూలు మాట పనికిరాలేదు, పింగళివారి మాట పనికివచ్చింది. చిరిగిన కంబళిని గింబళి అనేది. మా పక్క కురబలు నేసే నల్లకంబళి ప్రతి ఇంట్లో ఉండేది. కొత్తది కంబళి, పాతది గింబళి. బ్యాంకులో మా మేనేజరొకాయన, పుట్టింది హోసూరు పక్క, క్యాష్ టాలీ అయిన రోజున "వెయ్యండి వీరతాడు" అనేవాడు. ఆయన అచ్చ కన్నడం మాట్లాడే అటెండరు కూడా అదే అనడం నేర్చుకున్నాడు.

'మాయాబజార్' డబ్బు కూడా బాగా చేసుకుంది. అంటే డబ్బు వచ్చింది మిగలదు, మిగిలింది డబ్బు చేయదు అని నేను చెప్పబోవడం లేదు. అది తప్పుడు లెక్క. రెండూ వేరువేరు పద్దులు, ఒక్కోసారి కలుస్తాయి, అంతే.

1977 గురించి చెబితే ఇది తెలుస్తుంది. ఆ సంక్రాంతికి, జనవరి 14న, ఎన్.టి.రామారావు 'దాన వీర శూర కర్ణ', కృష్ణ నటించిన 'కురుక్షేత్రం' ఒకే రోజు వచ్చాయి. కథ ఒకటే, భారతం. ఏప్రిల్ 28న మళ్ళీ ఎన్.టి.ఆర్.దే 'అడవి రాముడు'. మన తమిళనాడు మదుమలై అడవిలో తీసిన సినిమా అది. ఆ ఏడు డబ్బులో 'అడవి రాముణ్ణి' దాటినది లేదు. ఆ పాటలకు మా పక్క పెళ్ళి ఊరేగింపుల్లో బ్యాండువాళ్ళు ఇప్పటికీ ఊదుతారు, దాన్నేమీ తీసిపారేయను. కానీ మా ఊరికి 'కర్ణ' చేసిన పని వేరు.

చాలా పొడుగు సినిమా. కొండవీటి వెంకటకవి రాసిన మాటలు, అచ్చ గ్రాంథికం, సమాసాల మీద సమాసాలు. అస్త్రవిద్యా ప్రదర్శన దగ్గర కులం గురించి సుయోధనుడు చెప్పే ఆ పొడుగు మాట ఉంది కదా, దానికి గ్రామఫోను రికార్డు వచ్చింది. మా సంతలో టీ అంగడివాడు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వేసేవాడు. వాడి టీ బాగుండేది కాదు, అయినా జనం అక్కడే నిలబడేవాళ్ళు.

మా చిన్నాయన నాలుగో తరగతి దాకా కన్నడం చదివాడు. తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. పల్లె నాటకాల్లో దుర్యోధనుడి వేషం కట్టేవాడు. మా పక్క నాటకాలన్నీ తెలుగే, కానీ పాత్రధారుల చేతిలో ఉండే రాతప్రతులన్నీ కన్నడ అక్షరాల్లో. చదివేది కన్నడ లిపి, పలికేది తెలుగు పద్యం. మాకిది వింత కాదు గానీ ఆంధ్రా నుంచి వచ్చిన చుట్టాలు చూసి నోరు తెరిచేవాళ్ళు. చిన్నాయన ఆ టీ అంగడి దగ్గర నిలబడి, ఇంటికొచ్చి, పొడుగు నోటుబుక్కులో ఆ సుయోధనుడి మాటలన్నీ కన్నడ అక్షరాల్లో రాసుకున్నాడు. ఒక్కరోజులో కాదు. పది రోజులు ఒక పేజీ, మళ్ళీ పోయి విని, కొట్టివేసి, దిద్దుకుని. ఒత్తులు పెట్టడంలో కన్నడ లిపి తెలుగుకు ఏమీ తీసిపోదు కాబట్టి సరిపోయింది. "సదువు రాకుంటే ఏమిరా, చెవులుండాయి కదా" అనేవాడు నాతో. నేనప్పుడు కాలేజీలో ఇంగ్లీషు మీడియంలో డెబిట్, క్రెడిట్ చదువుతున్నాను. ఆయన నోట్లో తిరిగిన మాటల్లో సగానికి నాకు అర్థం తెలియదు. ఆయనకూ అన్నిటికీ తెలియదేమో, కానీ ఎక్కడ గొంతు లేపాలో, ఎక్కడ ఆపాలో తెలుసు. తరువాత పదేళ్ళు మా ఊరి నాటకంలో దుర్యోధనుడు పాత పద్యం పాడి, ఆపైన సినిమా మాట కూడా కలిపి చెప్పాల్సిందే. లేకుంటే జనం ఒప్పుకునేవాళ్ళు కాదు. హార్మోనియం మేష్టరుకు మాత్రం ఇది బొత్తిగా ఇష్టం లేదు.

'శంకరాభరణం' (1980) సంగతి చాలామంది రాశారు, నేను కొద్దిగా చెబుతాను. మొదట పలచగా మొదలై, నోటిమాట మీద నిండిన సినిమా. ఇక్కడ, మద్రాసులో తెలుగులోనే ఆడింది. మా హాస్టల్లో కన్నడ పిల్లకాయలు ఆ పాటలు తమ లిపిలో, తమిళ పిల్లకాయలు తమ లిపిలో రాసుకున్నారు. తమిళ లిపిలో రాసుకున్నవాడి ఉచ్చారణ విని నవ్వుకునేవాళ్ళం. మా చెల్లెలు పాట నేర్చుకుంటానని అన్నం మానేసి కూర్చుంది. ఆ సినిమా మా మాటలో ఏమీ మిగల్చలేదు, చెల్లెలి గొంతులో మిగిల్చింది. అదీ ఒక పద్దే.

ఇంతవరకు జమ వైపు చెప్పాను. ఖర్చు వైపు కూడా ఉంది.

1980ల మధ్యలో ఒక శిక్షణకు హైదరాబాదు పంపారు. తెలుగు రాష్ట్రానికి పోతున్నానని ఎంత సంబరమో. మొదటిరోజు భోజనాల దగ్గర ఏదో అడిగితే "టాలీ అయ్యుండాది సార్" అన్నాను. బల్లంతా నవ్వింది. ఒకాయన "ఏ సినిమాలో జోకరువయ్యా నువ్వు?" అన్నాడు. చెడ్డ మనిషి కాడు, తరువాత స్నేహితుడయ్యాడు కూడా. కానీ ఆయన అన్నదాంట్లో నిజముంది. అప్పటి సినిమాలో హీరో కృష్ణా, గుంటూరు చదువుకున్నవాళ్ళ తెలుగు మాట్లాడతాడు. మా మాదిరి మాట్లాడేవాడు పాలేరో, దొంగో, నవ్వించేవాడో. మా అవ్వకు అస్మదీయులు ఇచ్చిన సినిమాయే నాకు "ఉండాది" అనడం సిగ్గు అని నేర్పింది. శిక్షణ అయ్యేలోపల "ఉంది", "చేస్తున్నాను" అని సాధన చేశాను. సినిమాలు చూసే చేశాను. ఇంటికి వచ్చి అట్లే మాట్లాడితే అవ్వ, "ఏమిరా, సినిమావోని మాదిరి మాట్లాడతా ఉండావు?" అంది. నాకు ఇప్పుడు ఇంట్లో ఒక తెలుగు, బయట ఒక తెలుగు. ఈ వ్యాసం చూస్తున్నారు కదా, బయటి తెలుగులోనే ఉంది. అవ్వ ఉంటే ఏమనేదో.

అందుకే 2021 డిసెంబరులో 'పుష్ప' మొదటి భాగం చూసినప్పుడు నాకు వింతగా అయింది. కథ శేషాచలం అడవిది, ఎర్రచందనానిది. మాట చిత్తూరుది. ముళబాగిలు దాటి నంగిలి పోతే అవతల పలమనేరు, చిత్తూరు జిల్లాయే. గీత మధ్యలో ఉంది గానీ మాట ఒకటే. "తగ్గేదే లే" అని దేశమంతా అన్నది కదా. ఆ "లే" మాకు కొత్త కాదు. "లేదు" అన్నదాన్ని మేము తోక కోసి వాడతాం. రాలే, పోలే, తినలే. నేను పుట్టినప్పటి నుంచి మా ఇంట్లో ఉన్నది. నిజం చెప్పాలంటే ఆ సినిమా యాస మా చెవికి అక్కడక్కడా తేడా కొట్టింది, నేర్చుకుని పలికిన మాటకు ఉండే బిగువు దాంట్లో ఉంది. అయినా నవ్వించడానికి కాదు, హీరో మొదటి నుంచి చివరిదాకా ఆ మాటే మాట్లాడాడు. దానికే ఆ నటుడికి జాతీయ అవార్డు కూడా వచ్చింది.

మనవడికి అప్పుడు ఎనిమిదేళ్ళు. బెంగుళూరులో పుట్టినవాడు. ఇంట్లో ఇంగ్లీషూ కన్నడమూ కలిపి కొడతాడు. సినిమా నుంచి వచ్చి నా భార్యతో, "అవ్వా, నువ్వు పుష్ప మాదిరి మాట్లాడతావే!" అన్నాడు. ఆమె చపాతీ కర్ర చేతిలో పట్టుకుని, "నేను కాదురా, వాడే నా మాదిరి మాట్లాడతా ఉండాడు" అంది. ఆ తరువాత కొన్నాళ్ళు వాడు కావాలని ఆమె దగ్గర మా మాట నేర్చుకున్నాడు. వచ్చినాను, పోయినాను, ఈపొద్దు, పిలకాయలు. నలభై ఏళ్ళ కింద ఆ భోజనాల బల్ల దగ్గర పోయింది ఏదో తిరిగి వచ్చినట్టయింది నాకు.

కానీ క్యాషియరు బుద్ధి ఒకటుంది, సొమ్ము చేతికొచ్చినా దీపానికి పెట్టి చూడాల్సిందే. 'పుష్ప' రెండో భాగం వాడు ఇంట్లో టీవీలో కన్నడ డబ్బింగులో చూశాడు. ఎందుకురా అంటే, "ఏదైతే ఏమి తాతా, సినిమా ఒకటే కదా" అన్నాడు. 2015లో కాంపిటీషన్ కమిషన్ డబ్బింగును అడ్డుకోవడం తప్పని తేల్చింది. చట్టం ప్రకారం చూస్తే సరైన తీర్పే, కన్నడంలో చూడాలనుకునేవాడికి ఆ హక్కు ఉండాల్సిందే. వెయ్యి కోట్ల సినిమాకు అయిదారు భాషలు కావాలి, లేకుంటే అంత డబ్బు రాదు. కానీ ఆ డబ్బు వచ్చే దారిలోనే మా గట్టు తెగింది. సినిమా చూడటానికి తెలుగు రావాల్సిన పని ఇక లేదు. చిన్నాయనకు వేరే దారి లేక తెలుగులో విన్నాడు. వీడికి రిమోట్లో దారులున్నాయి.

'బాహుబలి' కోసం మదన్ కార్కి కిలికి అని ఒక భాషనే తయారుచేశాడు, వందల మాటలతో. మా పక్క ఒక్కరి నోట ఒక్క మాట నిలిచినట్టు నేను వినలేదు. కట్టప్ప ఎందుకు చంపాడన్న ప్రశ్న రెండేళ్ళు బ్రహ్మాండంగా తిరిగింది, జవాబు తెలిసిన రోజే అయిపోయింది. మా జిల్లా పేరే పెట్టుకున్న 'కె.జి.ఎఫ్.' వెయ్యి కోట్లు దాటింది. గని 2001 ఫిబ్రవరి 28న మూతపడింది. ఆ గనిలో దిగిన తమిళులు, తెలుగువాళ్ళు మాట్లాడిన కలగాపులగపు మాట ఒకటుంది, నేను కౌంటర్లో రోజూ విన్నది. ఆ సినిమాలో అది లేదు. కథ కల్పన అని వాళ్ళే చెప్పారు కాబట్టి తప్పు పట్టను. సైనైడ్ దిబ్బల దగ్గర సెల్ఫీలు తీసుకునేవాళ్ళు మాత్రం పెరిగారు. ఇంకోపక్క 2010లో డబ్బు పోగొట్టుకున్న 'ఖలేజా'ను టీవీలో చూసీ చూసీ మా అబ్బాయి వయసువాళ్ళు మాటకు మాట ఒప్పజెబుతారు. చూసిన సినిమానే మళ్ళీ మళ్ళీ చూడటం అన్నది టెంటు పోయాక టీవీలో బతికిందన్నమాట.

చిన్నాయన పోయాక ఆ నోటుబుక్కు నా దగ్గరికి వచ్చింది. మొన్న దసరా సెలవులకు మనవడు వచ్చినప్పుడు బీరువా సర్దుతూ వాడి చేతికిచ్చాను. నీలి సిరా వెలిసింది, అంచులు పురుగు కొట్టింది. వాడు మొదటి పేజీ చూసి, "కన్నడ అక్షరాలే గానీ ఇది కన్నడం కాదే" అన్నాడు. "చదువు చూస్తాం" అన్నాను. కూడబలుక్కుంటూ మొదలుపెట్టాడు. రెండో వాక్యంలో ఒక పొడుగు సమాసం దగ్గర ఆగిపోయాడు. నాకూ సరిగ్గా ఎక్కడ విరవాలో తోచలేదు. వంటింట్లో నుంచి నా భార్య ఆ మాటను మూడు ముక్కలు చేసి, రికార్డులో విన్న గొంతుతోనే చెప్పింది. వాడు మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు.